పండ్ల సారం మెదడుకు కవచమా?

“మెదడు కణాలను రక్షిస్తుంది.” పండ్ల సారాలను గూర్చి వెలువడే పరిశోధన పత్రాలలో ఈ మాట ఎంత తరచుగా కనిపిస్తున్నదంటే, దాని అర్థమేమిటని ఆగి ఆలోచించేవారు అరుదైపోయారు. నేరేడు, దానిమ్మ, ఉసిరి, ద్రాక్ష, ఏ పండును తీసుకున్నా దాని సారం నాడీకణాలను కాపాడిందని చెప్పే పత్రం ఒకటైనా దొరుకుతుంది. పత్రంలోని మాట సీసా మీది చీటీకి ఎక్కుతుంది. చీటీ మీది మాట, మతిమరపు మొదలైన తండ్రికి ఏమి చేయాలో తోచక తికమకపడే కొడుకు చెవిని చేరుతుంది. ప్రయోగశాలలో ఒక అర్థంతో పుట్టిన మాట అంగడికి వచ్చేసరికి వేరొక అర్థంతో నిలబడుతున్నది. దారిలో అది ఎక్కడెక్కడ జారిపోయిందో చూడవలసి ఉన్నది.

ఈ రంగానికి మూలమని చెప్పదగిన పత్రాలలో ఒకటి 1999 సెప్టెంబరులో “జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్” అనే అమెరికా పత్రికలో వెలువడింది. బోస్టన్ నగరంలో, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో, అమెరికా వ్యవసాయశాఖకు చెందిన పోషణ పరిశోధన కేంద్రం ఒకటి ఉన్నది. వార్ధక్యంలో ఆహారం చేసే పనిని పరిశీలించడమే దాని ఉద్దేశం. అక్కడి జేమ్స్ జోసెఫ్, బార్బరా షుకిట్-హేల్ మున్నగువారు 19 నెలల వయసు గల ఎలుకలను తీసుకున్నారు. ఎలుకకు అది ముసలితనం కిందనే లెక్క. కొన్నింటికి మామూలు మేత పెట్టి, తక్కిన వాటికి మేతలో స్ట్రాబెర్రీ సారమో, పాలకూర సారమో, బ్లూబెర్రీ సారమో కలిపి, 8 వారాలు పెంచారు. బ్లూబెర్రీ నీలినలుపు రంగుగల చిన్న పండు. మన నేరేడుకు అది చుట్టం కాదు గాని, రెండింటికీ రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఒకే కోవకు చెందినవి.

తరువాత ఎలుకలకు పరీక్షలు పెట్టారు. నీటి తొట్టిలో మునిగి ఉన్న చిన్న తిన్నెను గుర్తు పెట్టుకొని వెదకి పట్టుకోవడం ఒక పరీక్ష. తిరుగుతున్న కడ్డీ మీద పడిపోకుండా నిలవడం మరొకటి. సారం తిన్న గుంపులు జ్ఞాపకం పరీక్షలో మామూలు మేత తిన్నవాటి కంటె మెరుగుగా ఉన్నాయి. కడ్డీ మీద నిలకడ మాత్రం బ్లూబెర్రీ తిన్నవాటిలోనే స్పష్టంగా మెరుగుపడింది.

ఈ ప్రయోగాన్ని మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. సారాన్ని సూదితో ఎక్కించలేదు, గాజు పళ్లెంలో కణాల మీద పోయలేదు. జంతువు నోటితో తిన్నది, దాని పేగులు జీర్ణం చేసుకున్నాయి, ఆపైన అది ఏమి చేయగలిగిందో కొలిచారు. ఆ తరువాత వచ్చిన వందల పత్రాలలో ఈపాటి ఓపిక కనబడదు. అయితే ఆ పత్రంలోనే ఒక చిక్కుముడి ఉన్నది. మూడు సారాలకూ ఆక్సీకరణను అడ్డే శక్తి ఇంచుమించు సమానంగా ఉండేటట్లు పాళ్లు నిర్ణయించారు. కనుకనే బ్లూబెర్రీ పొడిని కిలో మేతకు 18.6 గ్రాములు కలిపితే, పాలకూర పొడిని 9.1 గ్రాములే కలపవలసి వచ్చింది. శక్తి సమానమైనప్పుడు ఫలం కూడా సమానంగా ఉండాలి కదా! కడ్డీ పరీక్షలో అట్లా కాలేదు. అంటే బ్లూబెర్రీ చేసిన మేలు ఏదైనా, అది ఆ కొలమానంలో పడే గుణం వల్ల మాత్రమే వచ్చినది కాదు. పత్రం చెప్పిన అసలు విశేషం ఇది. లోకం దానిని తలకిందులుగా చదువుకున్నది. “ఆక్సీకరణ నిరోధకాలు ఎక్కువగా ఉన్న పండు మెదడుకు మంచిది” అన్న సూత్రం దీని నుండే అల్లుకున్నది.

ఆ కొలమానానికి ఒక కథ ఉన్నది. ‘ఓరాక్’ అని దానికి పేరు. పరీక్షనాళికలో ప్రాణవాయు సంబంధమైన స్వేచ్ఛా ప్రాతిపదికలను పుట్టించి, వాటిని ఒక పండు సారం ఎంతవరకు అణచగలదో కొలిచి, అంకె వేస్తారు. అమెరికా వ్యవసాయశాఖ వందలాది ఆహారాలకు ఈ అంకెలు కట్టి పట్టిక ప్రకటించింది. పండ్ల రసాల వ్యాపారులకు అది వరమైపోయింది. తమ పండు అంకె పొరుగువాని పండు అంకె కంటె ఎక్కువని సీసాల మీద అచ్చు వేసుకున్నారు. 2012లో అదే శాఖ ఆ పట్టికను ఉపసంహరించుకున్నది. పరీక్షనాళికలోని ఈ అంకెలకు మనిషి శరీరంలో జరిగే దానితో సంబంధం ఉన్నట్లు ఆధారం లేదని, వ్యాపారులు వీటిని దుర్వినియోగం చేస్తున్నారని అందుకు కారణాలు చూపింది. ఒక ప్రభుత్వశాఖ తాను వేసిన అంకెలను తానే వెనుకకు తీసుకోవడం సామాన్యమైన సంగతి కాదు. అయినా ఆ అంకెలు నేటికీ ప్రకటనలలో కనిపిస్తూనే ఉన్నాయి.

ఇక రెండవ కోవ పత్రాలు. సంఖ్యలో ఇవే ఎక్కువ, తొందరగా తయారయ్యేవీ ఇవే. వీటిలో ఎలుక ఉండదు, మనిషి ఉండడు. గాజు పళ్లెంలో పెంచిన కణాలు ఉంటాయి. పత్రం వాటిని నాడీకణాలని పిలుస్తుంది. వాటి పుట్టుక చూస్తే వేరుగా ఉంటుంది. ‘పీసీ12’ అనేవి 1976లో ఎలుక అడ్రినల్ గ్రంథిలోని కంతి నుండి తీసి పెంచినవి. ‘ఎస్‌హెచ్-ఎస్‌వై5వై’ అనేవి న్యూరోబ్లాస్టోమా అనే కాన్సరు సోకిన ఒక పసిపిల్ల ఎముక మజ్జ నుండి వచ్చిన వంశం. కంతి కణాలు కాబట్టి అవి ఎడతెగకుండా విభజన చెందుతాయి. మెదడులో పెద్దదైన నాడీకణం విభజన చెందదు, అసలు కష్టమంతా అక్కడే ఉన్నది. ఒకసారి పోయిన కణం చోటును మరొకటి వచ్చి నింపదు గనుకనే రక్షణ అన్న మాటకు ఇంత విలువ. విభజన చెందే కణం మీద రుజువైన రక్షణను, విభజన చెందని కణానికి ఉన్నదున్నట్లు అంటగట్టడం కుదరదు. అట్లని ఈ కణాలు పనికిరానివని కాదు. ఒక రసాయనం కణంలో ఏ మీట నొక్కుతున్నదో తెలుసుకోవడానికి ఇవి చవకైన, చక్కని సాధనాలు. ఆ పనికి మించిన సాక్ష్యం వాటి చేత చెప్పించడమే తప్పు.

సాధారణంగా ప్రయోగం నడిచే తీరు ఇది. కణాల మీద పండు సారం పోస్తారు. కొన్ని గంటల తరువాత హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తారు. అది కణాలను చంపే విషం. మరునాడు ఎన్ని బ్రతికాయో లెక్కిస్తారు. సారం పోసిన పళ్లెంలో ఎక్కువ కణాలు బ్రతికితే ‘రక్షణ’ రుజువైనట్లే. ఈ తర్కంలో ఒక పెద్ద కంత ఉన్నది. సారాన్ని కడిగివేయకుండా పెరాక్సైడు పోసినట్లయితే, రెండూ కణం దాకా పోకముందే ఆ ద్రవంలోనే కలుసుకుంటాయి. సారం పెరాక్సైడును బయటనే విరిచివేయవచ్చు. ఇంటికి నిప్పు పెట్ట వచ్చేవాని చేతిలోని కాగడాను వీధిలోనే కడివెడు నీళ్లతో ఆర్పివేస్తే, ఆ ఇంటి గోడలకు మంటను తట్టుకునే బలం వచ్చిందనవచ్చునా? మెదడు లోపల ఆ నీళ్ల కడివ సిద్ధంగా ఉంటుందని ఎవరు చూశారు?

బ్రతికిన కణాలను లెక్కించే పద్ధతిలోనూ చిక్కు ఉన్నది. ‘ఎంటీటీ’ అనే పసుపుపచ్చని రంగును పోస్తారు. జీవించి ఉన్న కణం దానిని క్షయకరణం చేసి ఊదారంగుగా మారుస్తుంది. ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బ్రతికి ఉన్నట్లు. అయితే పండ్లలోని పాలీఫినాళ్లు కూడా క్షయకరణ కారకాలే. కణం ఒక్కటీ లేని ఉత్త ద్రవంలో సైతం అవి ఆ రంగును మార్చగలవు. అప్పుడు పరికరం చూపే అంకె బ్రతికిన కణాలదా, పండు రసానిదా? కణాలు లేని పళ్లెం ఒకటి పక్కన పెట్టి సరిచూసుకుంటే ఈ అనుమానం తీరుతుంది. పది రూపాయల ఖర్చు లేని ఈ జాగ్రత్తను పాటించామని ఎన్ని పత్రాలు చెప్పుతున్నాయో వెదకి చూస్తే పాఠకునికి ఆశ్చర్యమే మిగులుతుంది.

వీటికి మించిన సంగతిని 2000లో బారీ హాలివెల్, ఆయన సహచరులు బయటపెట్టారు. తేయాకులోనూ పండ్లలోనూ ఉండే కొన్ని పాలీఫినాళ్లను కణాలు పెంచే ద్రవంలో వేస్తే, అవి తమంత తామే ఆక్సీకరణం చెంది హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తాయని వారు చూపించారు. విషాన్ని అణచడానికి వేసిన పదార్థమే పళ్లెంలో విషాన్ని తయారు చేస్తున్నదన్నమాట! ఆ కొద్దిపాటి విషానికి బెదరిన కణం తన సొంత ఎంజైములను మేల్కొల్పుకొని, తరువాత వచ్చే పెద్ద దెబ్బకు సిద్ధపడి ఉండవచ్చు. చూసేవారికి అది పండు ఇచ్చిన రక్షణగా కనిపిస్తుంది. ఇంత స్పష్టమైన హెచ్చరిక వచ్చి ఇన్నేళ్లైనా, కొత్త పత్రాలలో దాని ఊసే ఉండకపోవడం ఈ రంగానికి గౌరవం కాదు.

‘సారం’ అన్న మాటకు కూడా స్థిరత్వం లేదు. నీటితో తీసిన సారం వేరు, మిథైల్ ఆల్కహాలుతో తీసినది వేరు. గుజ్జు నుండి తీసినది వేరు, తొక్క నుండో గింజ నుండో తీసినది వేరు. ఆవకాయ అన్న పేరు ఒక్కటే అయినా ఏ ఇంటి జాడీ రుచి ఆ ఇంటిదే. దానిమ్మ తొక్కను ఆల్కహాలులో నానబెట్టి తీసిన సారం మీద చేసిన ప్రయోగాన్ని దానిమ్మ గింజలు తినేవానికి హామీగా చూపడం సాహసమే.

పళ్లెంలో జరిగినదంతా నిజమే అనుకున్నా, నోటి నుండి మెదడు దాకా దారి చాలా పొడవు. పాలీఫినాళ్లలో అతి కొద్దిభాగమే రూపం మారకుండా రక్తంలోకి చేరుతుంది. పేగులోని సూక్ష్మజీవులు, కాలేయం మిగిలినదానిని వేరు పదార్థాలుగా మార్చివేస్తాయి. పళ్లెంలో పోసే మోతాదు రక్తంలో ఎన్నడూ ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు. ఆపైన రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కాపలా ఉన్నది. 1885 ప్రాంతంలో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూస్తే, అవయవాలన్నీ రంగు పట్టాయి గాని మెదడు మాత్రం తెల్లగా మిగిలిపోయింది. రక్త-మస్తిష్క అవరోధమని నేడు పిలిచే ఈ గోడ, రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా అతుక్కొనడం వల్ల ఏర్పడినది. పళ్లెంలోని కణానికి ఆ గోడ లేదు.

గోడ దాటడం అసాధ్యమని మాత్రం అనరాదు. బ్లూబెర్రీ తిన్న ముసలి ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో కూడా, ఆంథోసయనిన్ల జాడ కనిపించిందని 2005లో ఒక పత్రం తెలిపింది. దానిమ్మ విషయం ఇంకా ఆసక్తికరమైనది. దానిలోని పెద్ద అణువులు గోడ దాటేటట్లు లేవు. కాని పేగులోని సూక్ష్మజీవులు వాటిని విరిచి యురోలిథిన్లు అనే చిన్న అణువులుగా మారుస్తాయి. ఇవి దాటగలవని 2016లో గణనల ద్వారా అంచనా వేశారు. యురోలిథిన్లను చేసే సూక్ష్మజీవులు అందరి పేగులలోనూ సమానంగా ఉండవు. అంటే ఒకే గ్లాసు రసం ఇద్దరు అన్నదమ్ములలో రెండు వేరు వేరు పదార్థాలు కావచ్చు. దానిమ్మ రసాన్ని సరాసరి కణాల మీద పోసే పత్రాలన్నీ ఈ ఒక్క సంగతితోనే పాతబడిపోయాయి. ఈ రంగంలో మంచి పని జరుగుతున్నది ఇటువంటి చోట్లనే. ఏది లోపలికి పోతున్నదో ముందు తేల్చుకొని, ఆ పదార్థాన్ని, ఆ మోతాదులో పరీక్షించే పత్రాలు తక్కువే అయినా లేకపోలేదు.

పండు గనుక మేలే చేస్తుంది, చేయకపోయినా కీడు చేయదు అన్న నమ్మకం ఈ సాహిత్యమంతటికీ అడుగున ఉన్నది. దీనిని పరీక్షించడానికి మళ్లీ 1999కే పోవాలి. బ్లూబెర్రీ పత్రం వెలువడిన ఆ సంవత్సరంలోనే “లాన్సెట్” పత్రికలో కరిబియన్ సముద్రంలోని ఫ్రెంచి ద్వీపం గ్వాడలూప్ నుండి ఒక పత్రం వచ్చింది. అక్కడ వణుకు, బిగుసుకుపోవడం వంటి లక్షణాలతో ఉన్న 87 మంది రోగులను పరిశీలిస్తే, మామూలు పార్కిన్సన్ వ్యాధి 22 మందికే ఉన్నది. తక్కినవారిలో ఎక్కువమందికి ఉన్నది మందులకు లొంగని వేరొక రూపం. వారి అలవాట్లను విచారిస్తే లక్ష్మణఫలం తినడం, దాని ఆకుల కషాయం తాగడం బయటపడ్డాయి. లక్ష్మణఫలం మన సీతాఫలం ప్రజాతికే చెందిన చెట్టు.

ఆ చెట్టులో అనొనాసిన్ అనే పదార్థం ఉన్నది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలలో మొదటి మెట్టునే అది అడ్డుతుంది. ఎలుకల రక్తంలోకి 28 రోజులు ఎక్కిస్తే, అది మెదడును చేరి నాడీకణాలను నశింపజేసిందని 2004లో చూపించారు. రక్త-మస్తిష్క అవరోధాన్ని దాటడంలో ఈ పండు పదార్థానికి ఏ ఇబ్బందీ కలగలేదు! అయితే న్యాయం ఇటువైపు కూడా పాటించాలి. సూదితో ఎక్కించిన ఎలుక, నోటితో తిన్న మనిషి కాదు. గ్వాడలూప్ రోగులకు ఆ పండే వ్యాధి తెచ్చిందని నిశ్చయంగా రుజువు కాలేదు. దానిని బట్టి సీతాఫలం మానుకొమ్మనడం, బ్లూబెర్రీ ఎలుకను బట్టి మతిమరపు పోతుందనడం వంటిదే. విచిత్రమేమంటే, ఈ రెండవ తొందరపాటుకు ఉన్న గిరాకీ మొదటిదానికి లేదు. లక్ష్మణఫలం ఆకుల పొడి గొట్టాలలో నింపి అమ్ముతున్న అంగళ్లలో గ్వాడలూప్ పేరు వినబడదు.

మన దేశంలోనే బీహారు రాష్ట్రం ముజఫర్‌పూర్ ప్రాంతంలో, లీచీ పండ్ల కాలంలో పిల్లలు ఉన్నట్లుండి మూర్ఛపోయి చనిపోతూ ఉండేవారు. 2014 వేసవిలో జరిగిన విచారణలో, ఆసుపత్రులలో చేరిన 390 మందిలో 122 మంది మరణించినట్లు నమోదైనది. ఆ విచారణ ఫలితాలు 2017లో వెలువడినాయి. లీచీలోని హైపోగ్లైసిన్, దానిని పోలిన మరొక పదార్థం శరీరం చక్కెరను తయారు చేసుకునే దారిని మూసివేస్తాయని, రాత్రి భోజనం లేక పడుకున్న బక్కపిల్లలలో తెల్లవారేసరికి రక్తంలో చక్కెర పడిపోయి మెదడు దెబ్బతింటున్నదని అవి తెలిపాయి. కడుపునిండా తిన్న పిల్లవానికి అదే లీచీ తీపి పండు. పండులోని రసాయనం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు సగం జవాబు తినేవాని కడుపులో ఉన్నది.

మనుషుల మీద చేసిన పరిశీలనలు మిగిలాయి. 2010లో సిన్సినాటిలో మతిమరపు తొలి దశలో ఉన్న 9 మంది వృద్ధులకు 12 వారాలు బ్లూబెర్రీ రసం ఇచ్చారు. మాటల జంటలను గుర్తుంచుకోవడంలో వారు మెరుగుపడ్డారు. తొమ్మిదిమందే! వారితో పాటు అదే ప్రయోగంలో ఉత్త రసం తాగిన జట్టు లేదు. పోలికకు మరొక ప్రయోగంలోని వారిని తెచ్చుకున్నారు. రచయితలు దీనిని ప్రాథమికమని ఒప్పుకున్నారు. ప్రకటనలు ఒప్పుకోలేదు. 2012లో అమెరికా నర్సుల పరిశీలన నుండి వచ్చిన పత్రంలో 70 ఏళ్లు దాటిన 16,010 మంది స్త్రీలు ఉన్నారు. బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ ఎక్కువగా తిన్నవారి బుద్ధి క్షీణించడం రెండున్నర ఏళ్ల వరకు ఆలస్యమైనట్లు కనిపించింది. సంఖ్య పెద్దది, పని జాగ్రత్తగా చేసినది. కాని ఆ పండ్లు కొని తినగలిగినవారు మరి ఏమేమి చేయగలిగినవారో లెక్కలలో పూర్తిగా తీసివేయడం సాధ్యం కాదు. పైగా వారు తిన్నవి పండ్లు, సీసాలోని సారం కాదు.

ఈ కొరత తీర్చడానికి చేసిన ప్రయత్నాలలో చెప్పుకోదగినది ‘కాస్మస్-మైండ్’ అనే పరీక్ష. దాని ఫలితాలు 2022లో వచ్చాయి. ఇందులో వాడినది కోకో కాయలోని గింజల సారం. 65 ఏళ్లకు పైబడిన 2,262 మందిని చీట్లు వేసినట్లు విభజించి, కొందరికి రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లావనాళ్లు గల సారం, కొందరికి ఏ గుణమూ లేని నకిలీ గొట్టాలు, మూడేళ్లపాటు ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో వారికీ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. ఏటేటా జ్ఞాపకాన్ని, వివేచనను టెలిఫోను ద్వారా పరీక్షించారు. చాక్లెట్ తయారుచేసే కంపెనీ మార్స్ సహాయం ఈ అధ్యయనానికి ఉన్నది. అయినా వచ్చిన జవాబును వచ్చినట్లే ప్రకటించారు: కోకో సారం బుద్ధిశక్తికి ఏ మేలూ చేయలేదు. అదే పరీక్షలో మరొక ప్రశ్నగా, కోకోకు పక్కవాద్యంలా, మామూలు మల్టీవిటమిన్ మాత్రను కూడా చేర్చారు. దానిని మింగినవారు నకిలీ మాత్ర మింగినవారి కంటె కొంత మెరుగుగా నిలిచారు.